మీ ఆయన అరబీ, మీ ఉర్దూ

ప్రశ్న: అయ్యా, నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ. ఐదేళ్ళ కింద ఉర్దూ లిపి నేర్చుకుని ఇప్పుడు కథలు తెలుగులోకి తెస్తున్నాను. మా ఆయన చాలా ఏళ్ళుగా దోహాలో పని చేస్తున్నారు, అరబీ ధారాళంగా మాట్లాడతారు. మొన్న సెలవు మీద వచ్చి నా రాతప్రతి చూసి, "గరీబ్ అంటే పేదవాడని ఎవరు చెప్పారు? పరాయివాడు, వింతైనది అని అర్థం. ఉర్దూవాళ్ళు తప్పుగా పట్టుకున్నారు, ఆ తప్పును నువ్వు తెలుగులోకి మోస్తున్నావు" అన్నారు. 'ఔరత్' అన్న మాటకు అరబీలో ఉన్న అర్థం చెప్పాక నాకు ఆ మాట పలకడానికే మనసు రావడం లేదు. మధ్యలో ఫార్సీ ఉంది కదా అని అది మొదలుపెడితే అక్కడ మూడో అర్థం. ఎవరిది అసలు అర్థం? ఏ నిఘంటువును నమ్మాలి? రాసినదంతా తిరగరాయాలా? రెండు పేజీలు జత చేస్తున్నాను.

జవాబు: ముందు భయం తీరుస్తానమ్మా. తిరగరాయక్కర్లేదు. మీరు పంపిన రెండు పేజీల్లో నాకు ఒక్క తప్పు కనిపించింది. మీ ఆయన పట్టుకున్నవాటిలో అది లేదు. దాని సంగతి చివర చెప్తాను.

మీ ఆయన చెప్పినది అరబీ వరకు నిజమే. ఆ నిజంతో ఉర్దూను కొలవబోయారు, అక్కడే పేచీ వచ్చింది. గరీబ్‌నే తీసుకోండి. అరబీలో 'ఘర్బ్' అంటే పడమర, పొద్దు వెళ్ళిపోయే దిక్కు. మొరాకో వైపు దేశాలను మఘ్రిబ్ అనడం, పొద్దుగూకాక చేసే నమాజును మగ్రిబ్ అనడం ఆ ధాతువు వల్లే. ఉన్నచోటు విడిచి దూరం వెళ్ళినవాడు గరీబ్. అంటే ఊరికి కొత్తవాడు. ఎరగనిది ఏదైనా వింతే కాబట్టి వింతైనది కూడా గరీబే. ఈ మాట ఇరాన్ చేరాక దానికి జాలి అంటుకుంది. ఊరుగాని ఊళ్ళో, నా అన్నవాళ్ళు లేక తిరిగే మనిషి ఫార్సీలో గరీబ్. ఇరాన్‌లోని మషద్‌లో సమాధి అయిన, షియాలు కొలిచే ఇమామ్ రెజాను ఇరానీలు గరీబ్ అని తలుచుకుంటారు. పేదవాడని కాదు, సొంత ఊరు మదీనాకు అంత దూరాన కన్నుమూశాడని. ఉర్దూ ఆ జాలినే పట్టుకుని ఇంకో అడుగు వేసింది. నా అన్నవాళ్ళే లేనివాడి దగ్గర పైసలు మాత్రం ఎక్కడివి? అలా పరాయివాడు పేదవాడయ్యాడు. 1971 ఎన్నికల్లో 'గరీబీ హటావో' అంటే పరాయితనాన్ని తరిమెయ్యమని ఎవరూ అనుకోలేదు కదా.

అయితే పాత అర్థం ఉర్దూలో పూర్తిగా పోలేదు, జంటపదాల్లో దాక్కుంది. 'అజీబ్-ఓ-గరీబ్' అంటే వింతలూ విడ్డూరాలూ, అందులో పేదరికం లేదు. 'గరీబ్-ఉల్-వతన్' అంటే సొంత దేశానికి దూరమైనవాడు. అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీని 'గరీబ్ నవాజ్' అంటాం. ఫార్సీ చెవికి అది పరదేశుల్ని ఆదరించేవాడు, మన చెవికి పేదల పాలిటి దిక్కు. రెండూ ఆయనకు నప్పుతాయి. మీ పనికి అక్కరకొచ్చేది ఇదే: గరీబ్ ఒంటరిగా కనిపిస్తే నిశ్చింతగా 'పేదవాడు' అని రాయండి, పక్కన తోడు ఉంటే కలం ఆపి చూడండి.

ఇక మూడు అర్థాలు ఎందుకు పుట్టాయన్నది. ఈ మాటలు అరేబియాలో ఓడెక్కి తిన్నగా మన దగ్గర దిగినవి కావు. ఏడో శతాబ్దంలో అరబ్బులు ఇరాన్‌ను గెలిచాక ఫార్సీ వేల అరబీ మాటల్ని లోపలికి తీసుకుంది, వందల ఏళ్ళు తన ఇష్టం వచ్చినట్టు వాడుకుంది. ఆ ఫార్సీ తర్వాత ఢిల్లీలో, బహమనీల దగ్గర, గోలకొండలో దర్బారు భాష అయింది. హైదరాబాద్ సంస్థానంలో 1884లో ఉర్దూకు ఆ పీట దక్కేదాకా సర్కారు రాతలు ఫార్సీవే. కాబట్టి ఉర్దూకు అందినది ఫార్సీవాళ్ళు వాడి వాడి నునుపుచేసిన అరబీ. పలుకుబడిలోనే దీనికి రుజువు దొరుకుతుంది. అరబ్బులది రమదాన్, మనది రంజాన్. అరబీలో బరువుగా పలికే 'ద' ఒకటుంది, ఇరానీ నోట్లో అది 'జ' అయిపోయింది. అందుకే వాళ్ళ హాదిర్ మనకు హాజరు, వాళ్ళ ఖాదీ మనకు ఖాజీ. ఈ మాటలు అరబ్బుల నోటి నుంచే నేరుగా మనకు వచ్చి ఉంటే మనం బళ్ళో 'హాదరు' వేయించుకునేవాళ్ళం.

ఈ ప్రయాణం చూడాలంటే నాకు 'గుస్సా'ను మించిన మాట కనపడదు. అరబీలో ఘుస్సా అంటే గొంతుకు అడ్డం పడేది. మెతుకు అడ్డుపడి ఉక్కిరిబిక్కిరి అవుతామే, అది. ఫార్సీలో దుఃఖం, దిగులు. ఏడుపు వచ్చేముందు గొంతులో ఉండ కట్టినట్టు ఉంటుంది కదా, అక్కణ్ణుంచి. ఇరానీలు ఎవరినైనా ఊరడించాలంటే 'ఘొస్సె నఖోర్' అంటారు. మాటకు మాటగా చూస్తే 'దిగులు తినకు'. ఉర్దూలో అదే మాట కోపం. మన తెలంగాణ ఇళ్ళలోనూ 'గుస్సా అయిండు' అంటే అలిగాడనో కోపగించుకున్నాడనో అర్థం. మీరు టెహ్రాన్ మనిషితో 'నాకు గుస్సాగా ఉంది' అంటే ఆయన మీకు మంచినీళ్ళు తెచ్చిస్తాడు, హైదరాబాద్ మనిషైతే నాలుగడుగులు వెనక్కి జరుగుతాడు. ఉర్దూలో కోపం ఆపుకోవడాన్ని 'గుస్సా పీనా' అంటారు, కోపాన్ని తాగడం అన్నమాట. ఇన్ని దేశాలు తిరిగినా ఆ మాట గొంతును వదల్లేదు!

'ఉర్దూవాళ్ళు తప్పుగా పట్టుకున్నారు' అన్న వాదం మీ ఆయనతో మొదలైంది కాదు. ఉర్దూ పండితుల మధ్య రెండొందల ఏళ్ళ నాటి తగాదా ఇది. లక్నో దర్బారు కవి ఇన్షా అల్లా ఖాన్ 'ఇన్షా' 1808 ప్రాంతంలో ఫార్సీలో 'దరియా-ఎ-లతాఫత్' అనే ఉర్దూ వ్యాకరణం రాస్తూ దీనికి తీర్పు చెప్పేశాడు. అరబీ కానీ ఫార్సీ కానీ తుర్కీ కానీ, ఉర్దూలో చలామణీ అయిన మాట ఉర్దూ మాటే. పుట్టింట్లో దాని రూపం ఏమైనా, ఉర్దూవాళ్ళు వాడినట్టే అది ఒప్పు. ఆ తీర్పు అందరూ ఒప్పుకోలేదు. 'మష్కూర్' మీద చూడండి. ఉర్దూలో 'మై ఆప్‌కా మష్కూర్ హూఁ' అంటే మీకు కృతజ్ఞుణ్ణి అని. అరబీలో మష్కూర్ అంటే కృతజ్ఞతలు అందుకున్నవాడు, అంటే అచ్చం తలకిందులు. అరబీ చదివిన మౌల్వీలు దీన్ని దిద్దుతూనే ఉన్నారు, జనం అంటూనే ఉన్నారు. చదువుకున్నవాళ్ళు కూడా అందరూ కలిసి చేసే తప్పును ఉర్దూలో 'గలత్-ఉల్-ఆమ్' అంటారు, అది ఒప్పు కిందే లెక్క. చదువురానివాళ్ళు మాత్రమే చేసేది 'గలత్-ఉల్-అవామ్', అది తప్పే. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అసలు దెబ్బలాట. ఆ గీత గీసేవాళ్ళు ఎప్పుడూ చదువుకున్నవాళ్ళే కావడం నాకు కొంచెం ఎబ్బెట్టు, అది వేరే సంగతి. మీరు అనువదించే కథకులు మాత్రం ఇన్షా పక్షంలోనే రాస్తారు. మీరూ ఆ పక్షమే.

ఔరత్ దగ్గర మాత్రం మీ బాధను తేలిగ్గా తీసెయ్యను. అరబీ 'ఔరా' అంటే కప్పుకోవలసిన అంగం, బయటపడకూడనిది, కాపు లేని చోటు. ఖురాన్‌లో ఒకచోట ఇళ్ళు కాపలా లేకుండా ఉన్నాయని చెప్పడానికి కూడా ఈ మాటే వచ్చింది. ఆడదాన్ని కప్పి ఉంచవలసినదిగా చూసిన కళ్ళే ఆమెకు ఈ పేరు పెట్టాయి, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. తుర్కీలోనూ అది 'అవ్‌రత్' అయి ఆడదనే అర్థంలో ఉంది, కాకపోతే అక్కడ మోటు మాట. ఇరాన్‌లో ఇప్పుడు స్త్రీ అంటే 'జన్', మర్యాదగా పిలవాలంటే 'ఖానోమ్'. అక్కడ ఎవరినీ ఔరత్ అనకండి.

ఉర్దూలో అలా కాదు. అక్కడ ఔరత్ అంటే ఆడమనిషి, అంతే. 2018లో కరాచీ ఆడవాళ్ళు మహిళా దినోత్సవానికి వీధుల్లోకి వచ్చి తమ ఊరేగింపుకు పెట్టుకున్న పేరే 'ఔరత్ మార్చ్'. ఆ మాట ఎవరిదో వాళ్ళే చెప్పారు కదా. ఇంకొకటి, మీ కథ తెలుగులో ఉంది. మీ పేజీల్లో ఔరత్ అన్న మాట ఎక్కడా లేదు. మీరు తేల్చుకోవలసింది 'ఆడది' అనాలా, 'ఆడమనిషి' అనాలా, 'స్త్రీ' అనాలా అన్నది. ఒకచోట తాగి వచ్చిన మొగుడి నోట 'స్త్రీ' అనిపించారు. తాగినవాడు అంత మర్యాదగా మాట్లాడడు. అక్కడ 'ఆడదానివి' చాలు.

మీ ఆయన మళ్ళీ ఔరత్ సంగతి ఎత్తితే మీరు 'ఖసమ్' అడగండి. ఉర్దూ పల్లెమాటలో ఖసమ్ అంటే మొగుడు. అరబీలో ఖస్మ్ అంటే ఎవరో దోహాలో ఆయన వినే ఉంటారు: తగువులో ఎదుటిపక్షం.

ఆయన వాదం నిలబడాలంటే ముందు ఆయన తెలుగు మాట్లాడటం మానుకోవాలి. మా తాత పట్వారీ, ఊరి భూముల లెక్కలు రాసేవాడు. ఆయన దస్తావేజుల్లో నాకు కనిపించిన మాటల్లో సగం ఇలాంటివే. మూలం పట్టుకుని చదివితే ఒక్క కాగితమూ అర్థం కాదు. రైతు అనే మాట అరబీ 'రఇయ్యా' నుంచి ఫార్సీ రఇయ్యత్ మీదుగా వచ్చింది. దాని మూలార్థం కాపరి మేపుకునే మంద. రాజు కాపరి కాబట్టి ప్రజ మంద అయింది, ఆ ప్రజలో శిస్తు కట్టేవాడు రైతు అయ్యాడు. తెలుగులో ఆ మాట అన్నప్పుడు మంద ఎవరికైనా గుర్తొస్తుందా? జిల్లా అరబీలో 'దిల్అ', పక్కటెముక. ఫార్సీలో త్రిభుజానికో చతురస్రానికో ఉండే భుజం. మనకు కలెక్టరు ఉండే చోటు. తాత లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లో, అంటే శిస్తు వసూలు ఏడాదుల్లో, ఉండేవి. 'ఫస్ల్' అరబీలో వేరుచేయడం, ఋతువు, పుస్తకంలో అధ్యాయం. ఫార్సీలో ముఖ్యంగా ఋతువు. ఉర్దూలో పంట.

'రాజీనామా' మరీ విచిత్రం. అరబీ 'రాదీ' అంటే సమ్మతించినవాడు, దానికి ఫార్సీ 'నామా', కాగితం, తగిలించారు. ఉర్దూ కోర్టుల్లో రాజీనామా అంటే ఇరుపక్షాలూ రాజీపడి రాసుకున్న పత్రం. మనం ఉద్యోగం వదిలేస్తూ ఇచ్చే కాగితాన్ని రాజీనామా అంటాం. ఉర్దూలో దానికి 'ఇస్తీఫా' అనే వేరే అరబీ మాట ఉంది. కాబట్టి ఉర్దూ కథలో రాజీనామా కనిపిస్తే ఆ మనిషి ఉద్యోగం మానేశాడని రాసేయకండి, బహుశా పొలం తగాదా తీరి ఉంటుంది. మరాఠీ, కన్నడ వాళ్ళు ఈ మాటలో మనవైపే ఉన్నారు.

మామూలు గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అరబీ 'మఅమూల్' అంటే చేయబడినది. పండగకు ఖర్జూరం ముద్ద లోపల పెట్టి చేసే బిస్కట్టు పేరు కూడా అదే, మీ ఆయన డబ్బాలకు డబ్బాలు తెచ్చే ఉంటారు. ఫార్సీలో ఎప్పుడూ చేసేది, వాడుకగా జరిగేది. తెలుగులో ఒకవైపు సాదాసీదా, ఇంకోవైపు ఆఫీసులో బల్ల కింద చెయ్యి చాచి తీసుకునేది. వాడుకగా ఇచ్చేది కాబట్టి దానికీ మామూలే పేరు. ఒకే మాట బేకరీలోనూ ఉంది, ఏసీబీ కేసులోనూ ఉంది.

కబురు (ఖబర్, వార్త) మన దగ్గర కబుర్లై అరుగెక్కి కూర్చుంది. 'అసామీ' అరబీలో పేర్లు అనే బహువచనం. రిజిస్టర్లో పేరున్నవాడు అన్న దారిన వచ్చి తెలుగులో ఆసామి అయ్యాడు. 'ముఖ్తసర్' అంటే కుదించినది, మనం ముక్తసరిగా మాట్లాడితే ఎదుటివాడు నొచ్చుకుంటాడు. 'నఖ్ల్' అరబీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయడం, అక్కడ లారీల వ్యాపారం పేరులో ఉండే మాట. మనకు నకలు, దాని వెనకే నకిలీ. ఇలాంటివి ఎన్ని ఉన్నాయంటే, సీపీ బ్రౌన్ తెలుగు నిఘంటువు చేశాక వీటి కోసం విడిగా 1854లో మిశ్రభాషా నిఘంటువు వేయవలసి వచ్చింది.

ఇప్పుడు ఫార్సీ మొదలుపెట్టారు కాబట్టి కొన్ని గుంతలు ముందే చూపిస్తాను. ఉర్దూ వచ్చినవాళ్ళు ఫార్సీలో పడేది తెలియని మాటల దగ్గర కాదు, తెలుసనుకున్న మాటల దగ్గర. ఇరాన్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళి తక్‌లీఫ్ ఉందంటే 'ఏ క్లాసు?' అని అడుగుతాడేమో, అక్కడ అది విధి, బాధ్యత, పిల్లల హోంవర్కు. అరబీలో బరువు అప్పగించడం, ఉర్దూ ఆ బరువులోని బాధను మాత్రం ఉంచుకుంది. ఫార్సీలో 'తహసీల్' చదువు, ఉర్దూలో తాలూకా, అరబీలో రాబట్టడం. చదువు రాబడితే ఒకటి, పన్ను రాబడితే ఇంకొకటి. 'ఇలాకా' మనకు ప్రాంతం, ఫార్సీలో ఇష్టం, అరబీలో సంబంధం. 'జులూస్' అరబీలో కూర్చోవడం. సింహాసనం మీద కూర్చున్న ఏడాదిని మొఘలులు నాణేల మీద 'జులూస్' అనే వేసేవారు, ఆ పట్టాభిషేకపు హంగామా కాస్తా ఉర్దూలో ఊరేగింపు అయింది. కూర్చోవడం నడవడంగా మారిన మాట నేను ఇంకోటి చూడలేదు.

దోహాలో మీ ఆయన జాగ్రత్తపడవలసినవీ ఉన్నాయి. 1929 ఏప్రిల్ 8న ఢిల్లీ శాసనసభలో భగత్ సింగ్ అరిచిన 'ఇంక్విలాబ్' మనకు విప్లవం, ఇరానీలకూ విప్లవమే. అరబ్బు పత్రికలో అది సైన్యం రాత్రికి రాత్రి గద్దె లాక్కోవడం. విప్లవానికి వాళ్ళు 'సౌరా' అంటారు. ఇక 'జిన్స్' మన వంటింట్లో దినుసు, ఫార్సీలో సరుకు. అరబీలో దానికి చిన్న తోక తగిలిస్తే 'జిన్సియ్యా', ఫారాల మీద మీది ఏ దేశం అని అడిగే గడి. ఉర్దూలో 'జిన్సీ' అంటే లైంగికమైనది. అరబీ ఫారం తర్జుమా చేసేటప్పుడు ఉర్దూ తెలివి చూపిస్తే ఎంత అప్రతిష్ఠో చూడండి.

నిఘంటువుల మాట అడిగారు. ఉర్దూ కథకు జాన్ ప్లాట్స్ 1884లో వేసిన ఉర్దూ-ఇంగ్లీషు నిఘంటువు చాలు. ఎంట్రీ మొదట్లో అరబీ పుట్టుక చెప్పి తర్వాత ఇక్కడి అర్థాలు ఇస్తాడు. ఆ మొదటి ముక్క చదివి ఆగిపోవడమే మనవాళ్ళు చేసే పొరపాటు. ఫార్సీకి స్టైన్‌గాస్ ఫార్సీ-ఇంగ్లీషు నిఘంటువు అందరూ చెప్తారు, నేనూ వాడతాను, కానీ ఒక హెచ్చరిక: ఫార్సీ సాహిత్యంలో తగిలే అరబీ మాటలన్నీ అందులో కుమ్మరించాడు. అక్కడ ఉన్న ప్రతి అర్థమూ ఇరానీ నోట్లో ఉందనుకుంటే మునుగుతారు. అరబీకి హాన్స్ వేర్ నిఘంటువు ఉంది, అది మీ ఆయనకు కొనివ్వండి. మీ బల్ల మీద అక్కర్లేదు. పాత గజళ్ళకు దిగితే మాత్రం ఫార్సీ నిఘంటువు పక్కన పెట్టుకోవాలి, అక్కడ మాటలు సగం ఇరాన్‌లోనే ఉంటాయి. 'రకీబ్' అలాంటిదే. అరబీలో కావలి కాసేవాడు, పాత ఫార్సీలో ప్రియురాలి ఇంటి కాపలావాడు కూడా, ఉర్దూలో ప్రేమలో పోటీకొచ్చినవాడు. గజల్లో ఈ ముగ్గురిలో ఎవరు గుమ్మం దగ్గర నిలబడ్డారో పాదం మొత్తం చదివితే గాని తేలదు.

ఇక ఆ ఒక్క తప్పు. రెండో పేజీ కింద, ముసలాయన మంచం పట్టిన చోట 'డాక్టరోఁ నే జవాబ్ దే దియా' అన్నదాన్ని మీరు 'డాక్టర్లు జవాబు ఇచ్చారు' అని రాశారు. జవాబు తెలుగులోనూ ఉంది కాబట్టి అనుమానం రాలేదు. ఉర్దూలో డాక్టరు జవాబ్ ఇచ్చాడంటే ఇక మా వల్ల కాదన్నాడని. కాళ్ళు జవాబ్ ఇచ్చాయంటే నడవలేకపోయాడని. అందుకే తర్వాతి వాక్యంలో కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఎందుకు ఏడుస్తోందో మీ తెలుగులో అంతు చిక్కలేదు. 'డాక్టర్లు పెదవి విరిచారు' అని మార్చండి, ఆ ఏడుపు దాని చోట అది కూర్చుంటుంది. మీ ఆయన అరబీ నిఘంటువులో జవాబ్‌కు సమాధానం అనే ఉంటుంది. కైరో వీధిలో అయితే ఉత్తరం అని కూడా అంటారు, అచ్చం మన జాబులాగే.